చల్లిన నీరు తిరిగి రావాలి: కార్పెట్ కడిగే యంత్రాల ఎంపిక, నిర్వహణ

కార్పెట్లు కడిగే యంత్రం ఎంత బాగా పనిచేస్తుందో తేల్చడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. మంచినీటి ట్యాంకులో సరిగ్గా 20 లీటర్లు కొలిచి పోసి, ఆ నీరు అయిపోయేదాకా కార్పెట్ మీద పని చేసి, తరువాత మురికినీటి ట్యాంకును బకెట్లలోకి వంచి మళ్లీ కొలిస్తే చాలు. 17 లీటర్లు తిరిగి వచ్చాయంటే కార్పెట్‌లో మిగిలినవి సుమారు మూడు లీటర్లు. 12 మాత్రమే వచ్చాయంటే మిగతా ఎనిమిదీ నూలు కుచ్చుల్లోనూ, వాటి అడుగుపొరలోనూ, దాని కింద పరిచిన మెత్తలోనూ ఉండిపోయాయి. వాటిలో కరిగిన మురికీ సబ్బూ కూడా అక్కడే ఉండిపోయాయి. అమ్మకపు కరపత్రాల్లో ఈ అంకె ఎక్కడా కనిపించదు. పంపు పీడనం ఎంత, నీరు ఎంత వేడెక్కుతుంది, మోటారు ఎన్ని హార్స్‌పవర్లు అన్నవే అక్కడ పెద్ద అక్షరాల్లో ఉంటాయి. నీటిని చల్లడం ఏ యంత్రానికైనా తేలికే; చల్లినదాన్ని తిరిగి లాగడం దగ్గరే యంత్రానికీ యంత్రానికీ తేడా బయటపడుతుంది. కొనేటప్పుడు చూడవలసిన సంగతుల్లోనూ, కొన్నాక కాపాడుకోవలసిన భాగాల్లోనూ ఎక్కువ పాలు ఈ తిరుగుదారికి సంబంధించినవే.

ముందుగా పేరు విషయంలో ఒక పొరపాటు సరిదిద్దుకోవాలి. వేడినీటిని పీడనంతో కార్పెట్‌లోకి చిమ్మి, మురికితో సహా వెంటనే లాగేసే పద్ధతిని చాలామంది ‘స్టీమ్ క్లీనింగ్’ అంటారు. ఇందులో ఆవిరి పాత్ర ఏమీ లేదు. పని చేసేది వేడినీరే. వృత్తిలో ఉన్నవారు దీన్ని ‘హాట్ వాటర్ ఎక్స్‌ట్రాక్షన్’ అంటారు. ఈ రంగంలో శిక్షణకూ ప్రమాణాలకూ పేరున్న ఐఐసీఆర్‌సీ అనే సంస్థ 1972లో మొదలైంది. కార్పెట్ శుభ్రతకు అది రూపొందించిన ఎస్100 ప్రమాణం పనిని ఐదు అంచెలుగా చూస్తుంది: పొడి మురికిని తీయడం, అంటుకున్న మురికిని పోగు నుంచి విడదీయడం, విడిన మురికిని బయటికి లాగడం, నూలును దువ్వి సరిచేయడం, ఆరబెట్టడం. మనం ‘మెషిన్’ అని పిలిచే పెద్ద పెట్టె వీటిలో ప్రధానంగా చేసేది మూడో అంచె ఒక్కటే. అందువల్ల డబ్బంతా ఆ పెట్టె మీదే పెట్టి, మొదటి అంచెకు ఇంట్లో వాడే చిన్న వ్యాక్యూమ్ క్లీనర్‌తోనూ, చివరి అంచెకు గోడకున్న ఫ్యాన్‌తోనూ సరిపెట్టుకునేవారు యంత్రాన్ని ఎంత బాగా ఎంచుకున్నా దాని ఫలితం పూర్తిగా పొందలేరు.

కార్పెట్‌లో చేరే మురికిలో పెద్ద వాటా తడి మరకలది కాదు. పొడి దుమ్ము, ఇసుక, నూలు పీచు, మనుషుల ఒంటి నుంచి రాలే చర్మపు పొలుసులది. ఇసుక రేణువుకు పదునైన అంచులుంటాయి. దాని మీద అడుగు పడినప్పుడల్లా అది పోగు ఒంటి మీద సన్నటి గీతలు పెడుతుంది. ఎక్కువగా నడిచే దారి ఎంత కడిగినా మసకగానే కనిపించడానికి చాలాసార్లు ఈ గీతలే కారణం, ఎందుకంటే గీతలు పడిన పోగు వెలుతురును ముందులా తిప్పిపంపదు. పొడిగా ఉన్నంతసేపు ఈ సరుకంతా గాలితో పోతుంది. దాని మీద నీరు పడ్డాక అది బురద. కాబట్టి వృత్తిలో అడుగుపెట్టేవారు మొదట కొనవలసినది, తిరిగే బ్రష్ ఉన్న నిలువు రకం వ్యాక్యూమ్ క్లీనర్. దుమ్మును లోపలికి లాక్కుని, వెనక నుంచి గదిలోకే వదిలే యంత్రం వల్ల ప్రయోజనం లేదు కనుక, 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతాన్ని ఆపే హెపా ఫిల్టర్ ఉన్నదాన్ని చూసుకోవాలి. అమెరికాలోని కార్పెట్ అండ్ రగ్ ఇన్‌స్టిట్యూట్ వ్యాక్యూమ్ క్లీనర్లను పరీక్షించి ఆమోదముద్ర వేస్తుంది. ఆ పరీక్షలో మురికిని ఎంత తీస్తుంది, దుమ్మును ఎంత బయటికి వదలకుండా ఉంచుతుంది అన్నవాటితోపాటు కార్పెట్ రూపాన్ని ఎంత చెడగొడుతుంది అన్నది కూడా ఉంటుంది. మరీ గట్టి బ్రష్ మురికితోపాటు నూలునూ పీకుతుందన్న సంగతి కొనేవారికి సాధారణంగా తట్టదు.

లాగుడు శక్తిని కొలిచే రెండు అంకెలు

ఇక అసలు పెట్టె దగ్గరికి వద్దాం. దాని లోపల రెండు వేర్వేరు వ్యవస్థలుంటాయి. ఒకటి పంపు, హీటర్, సన్నని గొట్టం, నీటిని చిమ్మే చిన్న మూతులైన జెట్‌లు కలిసిన చిమ్ముడు దారి. రెండోది వాండ్ (చేత్తో పట్టుకుని కార్పెట్ మీద నడిపే పొడవాటి కర్ర లాంటి గొట్టం) మూతి నుంచి లావు గొట్టం, మురికినీటి ట్యాంకు మీదుగా వ్యాక్యూమ్ మోటారు దాకా సాగే లాగుడు దారి. ఈ రెండో దారి సత్తాను రెండు అంకెలు చెబుతాయి. వాటర్ లిఫ్ట్ అంటే, గొట్టం కొసను పూర్తిగా మూసేసినప్పుడు ఆ మోటారు నీటిని ఎన్ని అంగుళాల ఎత్తుకు లాగి నిలబెట్టగలదన్నది. సీఎఫ్ఎం అంటే, కొసను బార్లా తెరిచి ఉంచినప్పుడు నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి లోపలికి పోతుందన్నది. కరపత్రంలో రెండూ పక్కపక్కనే అచ్చవుతాయి కాబట్టి రెండూ ఒకేసారి దొరుకుతాయని కొనేవారు అనుకుంటారు. దొరకవు. కొస మూసినప్పుడు లిఫ్ట్ గరిష్ఠంగా ఉంటుంది, గాలి సున్నా. కొస తెరిచినప్పుడు గాలి గరిష్ఠంగా ఉంటుంది, లిఫ్ట్ సున్నా. కార్పెట్ మీద పని జరిగేది ఈ రెండు కొసలకూ మధ్య ఎక్కడో. పోగును పట్టుకున్న నీటిని ఊడబెరికేది లిఫ్ట్ అయితే, ఊడిన నీటిని గొట్టం వెంట ట్యాంకు దాకా మోసుకుపోయేది గాలి. ఒకటి ఎంత ఉన్నా రెండోది లేకపోతే నీరు దారిలోనే ఆగిపోతుంది.

ఒక యంత్రంలో రెండు మోటార్లున్నాయని చెప్పినప్పుడు తప్పక అడగవలసిన ప్రశ్న, వాటిని ఎలా కలిపారన్నది. ఒకదాని వెనక ఒకటిగా సిరీస్‌లో కలిపితే ప్రధానంగా లిఫ్ట్ పెరుగుతుంది, పక్కపక్కన కలిపితే గాలి పెరుగుతుంది. అవే రెండు మోటార్లు అమరికను బట్టి రెండు వేర్వేరు యంత్రాలవుతాయి. చేత్తో మోసుకుపోయే యంత్రాల్లో సాధారణంగా కనిపించే మూడు దశల మోటారు ఒకటి దాదాపు 130 నుంచి 150 అంగుళాల లిఫ్ట్ ఇస్తుంది. కొన్ని కాగితాల్లో లిఫ్ట్‌ను నీటి అంగుళాల్లో కాక పాదరసపు అంగుళాల్లో రాస్తారు. ఒక పాదరసపు అంగుళం 13.6 నీటి అంగుళాలతో సమానం కాబట్టి, ‘12 అంగుళాలు’ అన్నది చూసి తీసిపారేయకూడదు, అది 163 నీటి అంగుళాలు. మరోవైపు, సముద్రమట్టం దగ్గర వాతావరణ పీడనమంతా కలిసినా నీటిని సుమారు 407 అంగుళాలకు మించి నిలపలేదు. అంతకు మించిన లిఫ్ట్ రాసిన కాగితం చేతికొస్తే ఇక చదవనక్కర్లేదు.

ఈ అంకెలన్నీ మోటారు మూతి దగ్గర కొలిచినవి. పని జరిగేది మాత్రం గొట్టం అవతలి కొసన. ఒకే మొత్తంలో గాలి పోతున్నప్పుడు గొట్టంలో జరిగే పీడన నష్టం పొడవును బట్టి సమంగా పెరుగుతుంది, వ్యాసం పెరిగితే మాత్రం దాదాపు ఐదో ఘాతంలో తగ్గుతుంది. ఒకటిన్నర అంగుళాల గొట్టానికి బదులు రెండంగుళాలది వాడితే నష్టం సుమారు నాలుగో వంతుకు పడిపోతుందన్నమాట. అలాగని లావు గొట్టమే ఎప్పుడూ మేలని అనుకోవడం కూడా పొరపాటే. గాలి తక్కువగా ఇచ్చే చిన్న యంత్రానికి లావు గొట్టం తగిలిస్తే, లోపల గాలి వేగం తగ్గి నీరు గొట్టం అడుగునే గలగలమంటూ నిలిచిపోతుంది. యంత్రాన్ని పరీక్షించేటప్పుడు అమ్మేవారు చూపించే మూరెడు గొట్టంతో కాక, మనం రోజూ వాడబోయే పొడవుతో పరీక్షించాలి. పని చేసేటప్పుడు కూడా గొట్టానికి మరో ముక్క కలిపే ముందు యంత్రాన్నే పది అడుగులు దగ్గరికి జరపగలమేమో చూడటం మంచిది.

లాగుడు దారిలో మొదటి భాగమైన వాండ్‌ను చాలామంది పెట్టెతోపాటు ఉచితంగా వచ్చే కర్రగా చూస్తారు. నిజానికి కార్పెట్‌ను తాకేది అదొక్కటే. దాని మూతికి అమర్చే టెఫ్లాన్ పెదవుల వల్ల రెండు లాభాలుంటాయి: తడి నూలు మీద మూతి తేలికగా జారుతుంది, అంచుల దగ్గర గాలి వృథాగా పోకుండా మూతి కార్పెట్‌కు బాగా అతుక్కుంటుంది. రోజంతా వాండ్ లాగే మనిషి భుజానికి మొదటిది ముఖ్యం, కార్పెట్ త్వరగా ఆరడానికి రెండోది ముఖ్యం. పాత యంత్రాన్ని మార్చే ఆలోచనలో ఉన్నవారు ముందు వాండ్‌ను మార్చి చూడటం మంచిదని నా అభిప్రాయం.

పీడనం, జెట్‌లు, వేడి

పీడనం గురించి ప్రచారం ఎక్కువ, ప్రయోజనం తక్కువ. జెట్‌ల మీద 11002 వంటి అంకె చెక్కి ఉంటుంది. అందులో మొదటి మూడు అంకెలు నీరు విచ్చుకునే కోణం, అంటే 110 డిగ్రీలు. చివరి రెండూ 40 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పీడనం దగ్గర నిమిషానికి పోయే నీరు. 02 అంటే 0.2 అమెరికన్ గ్యాలన్లు, సుమారు ముప్పాతిక లీటరు. పీడనం పెంచితే ప్రవాహం దాని వర్గమూలం చొప్పున పెరుగుతుంది. ఇలాంటి జెట్‌లు రెండున్న వాండ్ 160 పీఎస్ఐ దగ్గర నిమిషానికి మూడు లీటర్లు, 400 పీఎస్ఐ దగ్గర 4.8 లీటర్లు పోస్తుంది. అదనంగా పడిన ఆ 1.8 లీటర్లను తిరిగి తీయగల వ్యాక్యూమ్ ఉంటే మంచిదే. లేకపోతే పీడనం పెంచిన ఫలితం నీరు అడుగుపొర దాకా దిగడమే. సాధారణ నివాసపు కార్పెట్‌కు 100 నుంచి 300 పీఎస్ఐ సరిపోతుంది. 500 పీఎస్ఐ పంపు గచ్చు, టైల్స్ కూడా కడిగేవారికి అక్కరకొస్తుంది. పంపుల్లో డయాఫ్రమ్ రకం చవక, నీరు లేకుండా కాసేపు తిరిగినా తట్టుకుంటుంది. పిస్టన్ రకం ఎక్కువ పీడనం ఇస్తుంది, ఎక్కువ కాలం మన్నుతుంది, కాని నీరు లేకుండా నడిపితే సీళ్లు పోతాయి. ట్యాంకు ఖాళీ అయినా గమనించకుండా పని చేసే మనుషులున్న చోట ఖరీదైన పిస్టన్ పంపు కొనడం ఎంతవరకు తెలివో ఆలోచించుకోవాలి.

వేడి విషయంలో ఒక చిన్న లెక్క చాలా మాయలను విప్పుతుంది. నిమిషానికి ఒక లీటరు చొప్పున పారే నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి సుమారు 70 వాట్లు కావాలి. మూడు లీటర్లు పారుతుంటే 210 వాట్లు. అంటే 2000 వాట్ల హీటర్ పారే నీటిని పది డిగ్రీలు కూడా పెంచలేదు. మరి 90 డిగ్రీల నీరు ఇస్తుందని రాసిన యంత్రాలు అబద్ధం చెబుతున్నాయా అంటే, పూర్తిగా కాదు. హీటర్ చుట్టూ ఉన్న లోహపు దిమ్మె వేడిని దాచుకుంటుంది. మీట నొక్కగానే మొదటి కొన్ని క్షణాలు నిజంగానే అంత వేడి నీరు వస్తుంది, ఆ తరువాత చల్లబడుతూ పోతుంది. పని చేసే మనిషి ఒకసారి చిమ్మి, రెండుసార్లు చిమ్మకుండా లాగితే ఆ విరామంలో దిమ్మె మళ్లీ వేడెక్కుతుంది. అందుకే హీటర్ ఉన్నా ట్యాంకులో వేడినీరు పోసి మొదలుపెట్టడమే మేలు. పంపు సీళ్లు ఎంత వేడిని తట్టుకుంటాయో తయారీదారు పుస్తకంలో ముందుగా చూసుకోవాలి. వేడి చాలని చోట మరో దారి కూడా ఉంది. జర్మన్ రసాయనవేత్త హెర్బర్ట్ సిన్నర్ 1959లో చెప్పినట్టు, శుభ్రత అనేది రసాయనం, వేడి, రాపిడి, సమయం అనే నాలుగింటి ఉమ్మడి ఫలితం. ఒకటి తగ్గితే మిగిలినవి పెంచుకోవాలి. కడగడానికి ముందు చల్లిన, మురికిని విడదీసే మందును పది నిమిషాలు నానబెట్టి బ్రష్‌తో తట్టి లేపడం, చాలా సందర్భాల్లో అదనపు హీటర్ కన్నా చవకైన పరిష్కారం.

విద్యుత్తు కూడా యంత్రానికి గీత గీస్తుంది. 120 వోల్టులున్న దేశాల్లో 15 ఆంపియర్ల సర్క్యూట్ ఒకటి సుమారు 1800 వాట్లే ఇస్తుంది. 230 వోల్టుల 16 ఆంపియర్ల సర్క్యూట్ అయితే దాదాపు 3700 వాట్లు. రెండు మోటార్లు, పంపు, హీటర్ కలిసిన యంత్రం ఒక్క తీగతో నడవదు కనుక దానికి రెండు తీగలుంటాయి. వాటిని రెండు వేర్వేరు సర్క్యూట్లకు తగిలించాలి. ఒకే గదిలోని రెండు ప్లగ్గులు సాధారణంగా ఒకే సర్క్యూట్‌వి కాబట్టి, అక్కడ తగిలించినవారు ఫ్యూజు ఎగిరిందని యంత్రాన్ని తిట్టుకుంటారు. నీళ్లతో చేసే పని గనుక లీకేజీ కరెంటును పసిగట్టి ఆపే రక్షణ స్విచ్ లేని చోట యంత్రం పెట్టకూడదు. దీనికి మినహాయింపు ఉండదు.

వ్యాన్‌లో బిగించే పెద్ద యంత్రాల కథ వేరు. వాటికి ఇంజిన్ శక్తి, ఇంజిన్ వేడి రెండూ ఉంటాయి; ప్లగ్గుతో పని లేదు. ఇది కొత్త ఆలోచన అనిపిస్తుంది గాని, 1901లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ ఇంగ్లండ్‌లో తయారుచేసిన తొలి వ్యాక్యూమ్ క్లీనర్ కూడా గుర్రపు బండి మీద వీధిలోనే ఉండేది, గొట్టాలు కిటికీల గుండా లోపలికి పోయేవి. 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ముందు వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ కార్పెట్లను దానితోనే శుభ్రం చేశారు. పై అంతస్తుల్లోని ఇళ్లు, కార్యాలయాల్లో ఎక్కువ పని ఉన్నవారికి మాత్రం ఎంత గొప్ప వ్యాన్ యంత్రమైనా గొట్టం పొడవు దగ్గరే ఆగిపోతుంది.

తడి తక్కువ వాడే పద్ధతులు కూడా ఉన్నాయి. ఎన్‌క్యాప్సులేషన్‌లో, ఆరాక పలుకుల్లా గట్టిపడే పాలిమర్ ఉన్న మందును చల్లి, ఎదురెదురుగా తిరిగే బ్రష్‌లతోనో గుండ్రంగా తిరిగే ప్యాడ్‌తోనో రుద్దుతారు. మురికిని చుట్టుకుని ఎండిన పలుకులను తరువాత వ్యాక్యూమ్ లాగేస్తుంది. కురచ నూలున్న కార్యాలయపు కార్పెట్లకు, గంటా రెండు గంటల్లో తిరిగి నడవవలసిన చోటుకు ఇది చక్కగా పనికొస్తుంది. లోతుగా దిగిన మురికికి మాత్రం ఎప్పుడో ఒకప్పుడు నీళ్లు పెట్టక తప్పదు.

ఏ యంత్రమైనా ఏ పోగు మీద నడుస్తుందో తెలుసుకోకుండా వాడకూడదు. ఊలు ప్రొటీన్, క్షారం ఎక్కువైన మందు దాన్ని తినేస్తుంది. పైగా తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పట్టుకుని కూడా తడిగా అనిపించదు కాబట్టి, చేత్తో తాకి ఆరిందనుకుంటే మోసపోతాం. పాలీప్రొపిలీన్ నీటిని పీల్చుకోదు, త్వరగా ఆరుతుంది, కాని నూనె మరకలను వదలదు. విస్కోస్ తడిస్తే బలం కోల్పోతుంది. అడుగుపొరలో జనుము ఉంటే, ఎక్కువ తడి వల్ల దాని రంగు పైకి ఎక్కి గోధుమ మచ్చలు వస్తాయి. ఈ నాలుగింటిలో మూడు కష్టాలకు మూలం మిగిలిపోయిన నీరే.

యంత్రాన్ని చంపేది నురుగు

నిర్వహణ గురించి రాసేవారు నూనె వేయడం, తుడవడం, దాచడం వరసగా చెబుతారు. నేను నురుగుతో మొదలుపెడతాను, ఎందుకంటే వ్యాక్యూమ్ మోటార్లను అది చంపినంతగా మరేదీ చంపదు. మురికినీటి ట్యాంకు నిండినప్పుడు నీరు మోటారులోకి పోకుండా ఒక బంతి పైకి తేలి గాలిదారిని మూసేస్తుంది. నీటికి ఆ బంతి లేస్తుంది, నురుగుకు లేవదు. ఇంతకుముందు ఎవరో షాంపూ వేసి సరిగా తీయకుండా వదిలేసిన కార్పెట్ మీద పని మొదలుపెట్టామనుకుందాం. ట్యాంకు సగం కూడా నిండకముందే నురుగు పైదాకా పొంగి, బంతి పక్కగా జారి, మోటారు ఫ్యాను గదిలోకి చేరుతుంది. అందులోని తడి, క్షారం కలిసి బేరింగుల గ్రీజును కడిగేస్తాయి. మోటారు ఆ రోజే ఆగదు. కొన్ని వారాల తరువాత కీచుమంటూ మొదలై ఆగుతుంది, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు. విరుగుడు చాలా చిన్నది. మొదటి నుంచే ట్యాంకులో కొంచెం నురుగు చంపే మందు పోయాలి. ట్యాంకు పారదర్శకపు మూతలోంచి తరచూ చూస్తుండాలి. పని ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి, గొట్టం తెరిచి, మోటారును మూడు నాలుగు నిమిషాలు వట్టి గాలితో నడపాలి. లోపల చేరిన తేమ ఆ గాలికి ఆరిపోతుంది.

మోటారు చప్పుడును వినడం నేర్చుకుంటే సగం రోగాలు ముందే తెలుస్తాయి. గాలిదారి మూసుకుపోయినప్పుడు మోటారుకు మోయవలసిన గాలి తగ్గి వేగం పెరుగుతుంది, గొంతు సన్నగా పైకి పోతుంది. వాండ్ మూతిని కార్పెట్‌కు అదిమినప్పుడు గొంతు మారి, ఎత్తగానే మళ్లీ దిగిరావాలి. మూతి గాల్లో ఉన్నా సన్నగానే అరుస్తుంటే పీచు ముద్ద ఎక్కడో అడ్డుపడిందని అర్థం. మూతిని అదిమినా గొంతు మారకపోతే గాలి మధ్యలో దొంగదారిన వస్తోందని అర్థం. ఒకసారి నా యంత్రం ఈ రెండో రకపు చప్పుడే చేస్తుంటే, మోటారు పని అయిపోయిందని కొత్తది తెచ్చి బిగించాను. చప్పుడు మారలేదు. చివరికి చూస్తే, ట్యాంకు మూత కింది రబ్బరు మీద వేలెడు పొడవున్న నూలు పోగు ఒకటి అడ్డంగా అంటుకుని ఉంది. మూత దాని మీద కూర్చుని, వెంట్రుక మందాన ఎత్తుగా ఉండిపోయింది. ఆ సందులోంచి పోయిన గాలి వాండ్ దాకా చేరవలసిన గాలి. తడి గుడ్డతో ఆ రబ్బరును ఒక్కసారి తుడవడం వల్ల ఎంత మిగిలేదో ఆ రోజు తెలిసింది.

చిమ్ముడు దారికి శత్రువు సున్నపు గార. గట్టి నీటిలోని కాల్షియం వేడికి హీటర్ గొట్టాల లోపల పేరుకుంటుంది, సరిగా కరగని సబ్బు పొడి దానికి తోడవుతుంది. గార పట్టిన హీటర్ వేడిని నీటికి ఇవ్వలేక తానే మాడిపోతుంది. ఊడిన పలుకులు జెట్‌లో అడ్డం పడతాయి. జెట్ మూసుకుంటే తేలికగా తెలుస్తుంది, ఎందుకంటే కడిగిన చోట పొడి చార మిగులుతుంది. జెట్ రంధ్రం అరిగి పెద్దదైతే మాత్రం తెలియదు: నీరు ఎక్కువ పోతుంది, పీడనం తగ్గుతుంది, కార్పెట్ ఆరడానికి మునుపటి కన్నా ఎక్కువ సమయం తీసుకుంటుంది. అనుమానం వచ్చినప్పుడు ఒక్కో జెట్ కింద సీసా పెట్టి అరనిమిషం పట్టి కొలిచి, కొత్త జెట్‌తో పోల్చాలి. మూసుకున్న జెట్‌ను పిన్నుతో పొడవకూడదు. ఇత్తడి రంధ్రం దానితోనే పాడవుతుంది. వెనిగర్‌లో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో తోమాలి. నెలకొకసారి సిట్రిక్ యాసిడ్ కలిపిన నీటిని యంత్రంలో తిప్పి, కొంతసేపు ఆగి, మంచినీటితో బాగా కడిగేస్తే గార పేరుకోదు. ఆ ద్రావణాన్ని బ్లీచ్‌తో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది. ట్యాంకులోంచి పంపుకు పోయే దారిలోని జాలీని వారానికొకసారి విప్పి కడగడానికి రెండు నిమిషాలు పడుతుంది. దాని వెనక ఉన్న పంపు ఆయుష్షు ఆ రెండు నిమిషాల మీద ఆధారపడి ఉంటుంది.

రోజు చివర చేయవలసినవి కొన్నే. మురికినీటిని వాననీటి కాలువలోకి కాక మురుగునీటి పారుదలలోకి వంచాలి. ట్యాంకును కడిగి, మూత తెరిచే ఉంచాలి; మూసిపెట్టిన తడి ట్యాంకు రెండో రోజుకే కంపు కొడుతుంది, మర్నాడు ఎవరి గదిలోనైనా మోటారు వెనక నుంచి వచ్చే గాలికి అదే వాసన. చిమ్ముడు దారిలో మందు మిగలకుండా రెండు మూడు లీటర్ల మంచినీటిని జెట్‌ల గుండా పోనివ్వాలి. గడ్డకట్టే చలి ఉండే చోట పంపులోనూ వాండ్‌లోనూ నీరు మిగలకుండా తీసేయాలి, లేకపోతే మంచు వ్యాకోచించి పంపు ఒంటిని పగలగొడుతుంది. నిలువు వ్యాక్యూమ్ క్లీనర్ బ్రష్ కొసలకు చుట్టుకున్న వెంట్రుకలను కత్తిరించాలి; అవి లోపలికి పాకితే రాపిడి వేడికి బేరింగు దిమ్మె కరుగుతుంది.

మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరగడానికే పుట్టినవి. అవి పూర్తిగా అరిగేదాకా ఆగితే, వాటిని నొక్కి ఉంచే స్ప్రింగు, అవి ఆనుకుని ఉండే గుండ్రటి రాగి భాగమైన కమ్యుటేటర్‌ను గీకుతుంది, అప్పుడు కొత్త బ్రష్‌లు వేసినా లాభం ఉండదు. పని గంటలు లెక్కించే మీటరు ఉన్న యంత్రాన్ని కొనమని నేను చెప్పేది ఇందుకే. తయారీదారు చెప్పిన గంటలు రాగానే బ్రష్‌లు విప్పి చూడవచ్చు. కొత్తవి వేశాక వెంటనే పూర్తి బరువు మీద నడపకుండా, తక్కువ వోల్టేజి మీద కొంతసేపు తిప్పితే వాటి కొసలు కమ్యుటేటర్ వంపుకు సర్దుకుంటాయి.

ఆరబెట్టడం కూడా పరికరాల లెక్కలోకే వస్తుంది. తడిసిన వస్తువును 24 నుంచి 48 గంటల్లోపు ఆరబెట్టకపోతే బూజుకు అవకాశం ఇచ్చినట్టే. నేలకు సమాంతరంగా గాలి విసిరే ఎయిర్ మూవర్ ఒకటి రెండు ఉంటే చాలావరకు ఆ భయం ఉండదు. గదిలో గాలి బయటికి పోయే దారి కూడా ఉండాలి, లేకపోతే అదే తేమ గాలి గదిలో తిరుగుతూ ఉంటుంది.

యంత్రం కొత్తగా ఉన్నప్పుడే 20 లీటర్ల పరీక్ష చేసి, వచ్చిన అంకెనూ, ఏ రకం కార్పెట్ మీద, ఎంత పొడవు గొట్టంతో చేశామన్నదీ ట్యాంకు మీద చెరగని సిరాతో రాసి ఉంచుకోవాలి. మూడు నెలలకొకసారి అదే కార్పెట్, అదే గొట్టంతో మళ్లీ కొలవాలి. తిరిగి వచ్చే నీరు రెండు లీటర్లు తగ్గిందనుకుంటే వెతుకులాట చవకైన చోటు నుంచి మొదలవ్వాలి. ముందు మూత రబ్బరు, బంతి కూర్చునే చోటు. తరువాత గొట్టం: దాని ఒక కొసను అరచేత్తో మూసి, మరో చేత్తో పొడవునా తడుముతూ పోతే, పగులు దగ్గర గాలి లోపలికి పోతున్న చల్లదనం వేలికి తగులుతుంది. ఆ తరువాత వాండ్ పెదవులు అరిగాయా, మూతి అంచు సొట్టపోయిందా చూడాలి. జెట్‌లను కొలిచి, నీరు ఎక్కువ పోతోందేమో తేల్చుకోవాలి. ఇవన్నీ సరిగా ఉన్నాకే మోటారు పెట్టె విప్పాలి.